బొట్టు కింద మూడు పిన్నులు

బహుళ పంచమి

కట్ట మండలి నుంచి పొద్దున్నే కబురు వచ్చింది. గేటుపెట్టె మూత తీసి చూసి, లోపల అన్నీ సరిగ్గా ఉన్నాయని రాసివ్వాలట. నేను చూడకముందే ఏం రాయాలో కూడా వాళ్ళే చెప్పి పంపించారు. "లోపం లేదు" అని ఒక ముక్క, "గుర్తు తెలియని భాగాలేవైనా ఉంటే అవి అలంకారానికి పెట్టినవి" అని ఇంకో ముక్క. మదర్‌బోర్డు మీద అలంకారం ఏమిటి? ఏళ్ళ తరబడి ఈ కట్ట మీద పాత యంత్రాలు బాగుచేస్తున్నాను. పూర్వం వాళ్ళు నానా పిచ్చి పనులూ చేసి సముద్రాన్ని మన వాకిట్లోకి తెచ్చిపెట్టారు గానీ, బోర్డు మీద అందం కోసం ఒక్క పిన్ను కూడా దిగగొట్టలేదు.

ఇదంతా ఎందుకో అందరికీ తెలుసు. పోయిన అమావాస్య రాత్రి దిగువ వీధిలోకి పోటు వచ్చింది. ప్రతి అమావాస్యకీ మోకాలి దాకా వచ్చి పోతుంది, ఈసారి మంచాలు మునిగేంత వచ్చింది. నడవలేని గవరయ్య మంచం మీదే మునిగి చచ్చిపోయాడు. అతని తమ్ముడు పోలయ్య ఈదుకుంటూ వచ్చి కట్ట ఎక్కి గేటు గది తలుపు బాదాడు. పెట్టెను లేపి గేట్లు దించమని ఏడ్చాడు. లోపల గేటుపెద్ద భానోజీ గారు ఉన్నారు. మేలుకొలుపు వేళ కాలేదని తలుపు తీయలేదు.

ఈ దినచర్య పుస్తకాన్ని నెల తిరిగాక మండలి వాళ్ళు చదువుతారు. వాళ్ళకి తెలిసిన సంగతులే అయినా రాస్తున్నాను, చదివేటప్పుడైనా సిగ్గేస్తుందేమోనని. పోటు ఎక్కితే గేట్లు దించేదీ, పోటు తీస్తే ఎత్తేదీ ఆ పెట్టెలోని పాత కంప్యూటరే. ఇప్పటి యంత్రాలు నాచుతో పెంచినవి, ఉప్పుగాలి తగిలితే వారంలో కుళ్ళిపోతాయి. అందుకని వందల ఏళ్ళ నాటి ఆ బోర్డే మనకి దిక్కు. పొద్దుగుంకితే ఎండపలకలకి పని లేదు, బ్యాటరీల్లో మిగిలిన కరెంటు ఎగువ వీధి దీపాలకీ ఫ్యాన్లకీ కావాలి. కాబట్టి రాత్రిళ్ళు పెట్టెను నిద్రపుచ్చుతారు. మొదట్లో అది ఒట్టి పొదుపు. ఇప్పుడది ఆచారం. పడుకోబెట్టడానికి ఒక పాట, లేపడానికి ఒక పాట. నిద్రలో ఉన్న పెట్టెను తాకకూడదు, ఆ గదిలో గట్టిగా మాట్లాడకూడదు.

పోనీ గేట్లు మూసి పడుకోబెట్టొచ్చు కదా అని అడిగాను ఒకసారి. మూస్తే ఎగువ వీధి మురుగు బయటికి పోదట, వెనక్కి తన్నుతుందట. దిగువ వీధి నలభై ఇళ్ళు మునగడం కన్నా ఎగువ వీధి దొడ్లలో వాసన రావడం పెద్ద కష్టమన్నమాట.

బహుళ షష్ఠి

భానోజీ గారు మంచివారే. ఆ మాట రాయకపోతే అన్యాయం. పెట్టె మీద దుమ్ము పడితే తన పైపంచెతోనే తుడుస్తారు. ఎండపలకల మీద ఉప్పు పేరుకుంటే ఈ వయసులో నిచ్చెన ఎక్కి గీకుతారు. కానీ మంచివాళ్ళతో వచ్చే చిక్కేమిటంటే వాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం కష్టం. నేను మాత్రం కష్టపడి తెచ్చుకున్నాను.

పెట్టె మేలుకొని ఉండగానే మూత తీశాం. తెరిచిన పుస్తకమంత ఆకుపచ్చ పలక. నాకు తెలిసినవన్నీ వరసగా చూసుకుంటూ వచ్చాను. మెమరీ పలకలు, కార్డులు దూర్చే గాడులు, ఫ్యాను ప్లగ్గులు, గేట్ల మోటార్లకి పోయే లావుపాటి తీగలు. కింది అంచున ఒక చోట మాత్రం ఎర్రగా గడ్డ కట్టి ఉంది. గోటితో గీరితే పొరలు పొరలుగా లేచింది. గంధం, దాని మీద కుంకుమ, మళ్ళీ గంధం.

"ఇదేంటి బాబాయ్ గారూ?" అన్నాను.

"అదా? దాని నుదురు, అమ్మాయ్. దసరాకి ఆయుధపూజ చేసినప్పుడు బొట్టు పెడతాం గదా."

"నుదురు ఇక్కడుందని ఎవరు చెప్పారు?"

"మా నాన్న అక్కడే పెట్టేవాడు. వాళ్ళ నాన్నా అక్కడే పెట్టాడు. తెల్లగా చిన్న పీటలాగ ఏదో ఉండేదంట అక్కడ. బొట్టు నిలవడానికి వీలుగా ఉందని."

బొట్టు నిలవడానికి వీలుగా ఉందట! స్పిరిట్‌లో ముంచిన బ్రష్షుతో మెల్లగా కడగడం మొదలుపెట్టాను. ఆయన మొహం పక్కకి తిప్పుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నారు. తరాల కుంకుమ ఎర్రగా కారి బయటికి వచ్చాక అడుగున తెల్లటి ప్లాస్టిక్ గూడు కనపడింది. అందులో మూడు పిన్నులు, బంగారు రంగు పోకుండా మెరుస్తున్నాయి. గంధం కింద ఉండబట్టి ఉప్పు పట్టలేదు. ఆ ఒక్క పుణ్యం మాత్రం ఒప్పుకోవాలి.

అది కనెక్టర్. దేనికో నాకు తెలియదు. తెలియకపోయినా అలంకారం మాత్రం కాదు.

బహుళ అష్టమి

నిన్నంతా పొగమంచు పట్టి తాగునీళ్ళు చేసే వలల దగ్గర పని. తాగునీళ్ళ గొట్టం పగిలిందని ఎగువ వీధిలో అందరూ నా ప్రాణం తీశారు. ఇవాళే మళ్ళీ పెట్టె దగ్గరికి వెళ్ళగలిగాను.

మీటరు పెట్టి చూశాను. ఒక చివరి పిన్నులో అయిదు వోల్టులు. మధ్యది ఎర్తు. మూడోది ఖాళీ, ఏమీ లేదు. మూడు పిన్నులు కదా, ఫ్యానుదేమో అనుకుని ఫ్యాను ప్లగ్గు దగ్గరికి పట్టాను. ఎక్కలేదు. గూడు గాడి తేడాగా ఉంది. అసలు ఈ బోర్డు మీద ఫ్యాన్లకి పన్నెండు వోల్టులు వస్తాయి, దీనికి అయిదే. బ్యాటరీకా అంటే బ్యాటరీకి వేరే చోటుంది. స్పీకరుకా అంటే దానికీ ఉంది. ఇది కావాలని వేరుగా, ఇంకేదీ పొరపాటున ఎక్కకుండా చేసిన గూడు. ఇంత జాగ్రత్తపడి చేశారంటే ఏదో ముఖ్యమైన పనే అయివుండాలి.

మధ్యాహ్నం మండలి పెద్ద చక్రపాణి గారు వచ్చారు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడరు, అదే నాకు ఒళ్ళుమంట.

"మూడు ముళ్ళ కోసం ఇంత శ్రమ ఎందుకండీ రత్నం గారూ? అలంకారమని రాసేయండి."

"అలంకారం కాదండీ. దేనికో తెలియలేదు."

"తెలియనిది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే కదండీ. చూడండి, దిగువ వీధిని కాపాడే ఏర్పాటు ఆ పెట్టెలో లేదు. పూర్వం వాళ్ళు పెట్టలేదు. అందులో మన తప్పేముంది? ఆ జనాన్ని తెప్పల మీదికి పంపించేద్దామని మండలి తీర్మానించింది. వచ్చే అమావాస్యలోగా ఖాళీ చేస్తారు. మీరు ఒక్క మాట రాసిస్తే అందరికీ నిశ్చింత."

ఇదన్నమాట సంగతి. గవరయ్య చావుకి కారణం పెట్టె మీదికీ రాకూడదు, పెట్టెను నిద్రపుచ్చేవాళ్ళ మీదికీ రాకూడదు. ఆ వీధి అక్కడ ఉండటమే తప్పని తేలాలి. తెప్పల మీదికి పోయినవాళ్ళు ఎవరైనా తిరిగి వచ్చారా? రెండు తుపానులకి తెప్ప విడిపోతుంది, తర్వాత వాళ్ళ పేర్లు కూడా ఎవరికీ గుర్తుండవు. నలభై ఇళ్ళ వాళ్ళని సముద్రంలోకి నెట్టడానికి నా చేత ఒక్క మాట రాయించుకోవాలట.

రాయనని చెప్పాను. అమావాస్య దాకా గడువుంది కదా, అప్పటికి చూద్దామని ఆయన నవ్వుతూనే వెళ్ళిపోయారు.

బహుళ దశమి

ఈ కట్ట మీద మదర్‌బోర్డుల గురించి తెలిసినవాళ్ళు లేరు గానీ మదర్‌బోర్డులు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. మునిగిన ఊళ్ళలో దొరికిన పాత బోర్డులు తెచ్చి దిష్టికి గుమ్మాల మీద కడతారు. ఇన్నాళ్ళూ వాటిని చూసి నవ్వుకునేదాన్ని. ఇవాళ మాత్రం నిచ్చెన భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగాను. ఎగువ వీధిలో చాలా బోర్డులకి రంగులు వేసేశారు, కొన్నిటికి గూళ్ళన్నీ పీకేసి గవ్వలు అతికించారు. ఒక ఇంటావిడ అయితే నేను దిష్టి బోర్డు తీసుకుపోతానేమోనని తలుపు వేసేసుకుంది.

చివరికి దిగువ వీధిలో పోలయ్య భార్య నూకాలు గుమ్మం దగ్గర ఆగిపోయాను. పైన కట్టిన బోర్డు మీద, మా పెట్టెలో ఉన్నటువంటి తెల్ల గూడే. అందులో ప్లగ్గు కూడా ఉంది, మూడు తీగలతో సహా!

"ఏటండి రత్నంగారూ, మా గుమ్మంకేసి అలా సూత్తన్నారు?"

"ఈ బోర్డు ఎక్కడిదమ్మా?"

"మా మావగారు ములిగిపోయిన ఊళ్ళోంచి తెచ్చి కట్టేరండి, దిట్టి తగలకుండా. తగలాల్సింది ఎలాగా తగిలేసింది గదా, కావాలంటే పట్టుకెళ్ళండి."

గుమ్మంలో గవరయ్య మంచం తిరగేసి ఆరబెట్టి ఉంది. నులక ఇంకా ఉప్పుతో తెల్లగానే ఉంది. నేను దాన్ని చూడటం ఆమె చూసింది.

"ఆ రేతిరి బావగారు అరవలేదండి," అంది. "పిల్లల్ని ముందు ఎక్కించెయ్యమన్నారు. పిల్లల్ని అటక మీద పెట్టి దిగేసరికి మంచం ములిగిపోయింది. ఈయన గేటు కాడికి పోయేరు గదా, గేట్లు దిగిపోతే నీరు ఆగిపోద్ది గదా అని నేనూ ధైర్నంగా ఉన్నానండి. ఇంకాసేపట్లో ఆగిపోద్ది, ఇంకాసేపట్లో ఆగిపోద్ది అనుకుంటానే ఉన్నాను."

నిచ్చెనెక్కి బోర్డు దించాను. ఆ మూడు తీగలూ ఒక సన్నటి కార్డు దాకా వెళ్ళాయి. ఆ కార్డు ఏమిటో నాకు తెలుసు. దూరాన ఉన్న యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి తీగ దూర్చే కార్డు అది.

ఏకాదశి

రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున టంకం పొయ్యి ముట్టిస్తుండగా అర్థమైంది. అర్థమయ్యాక సంతోషం రాలేదు, ఇంకా కోపం వచ్చింది.

నూకాలు బోర్డు మీద ఆ కార్డు గాడిలో కూర్చునే ఉంది. బోర్డుతో చెప్పాల్సిన మాటలన్నీ ఆ గాడిలోంచే చెప్పొచ్చు. మరి పక్కనుంచి వేరే తీగ ఎందుకు? తలుపు తీసి ఉన్న ఇంట్లోకి వచ్చేవాడు తలుపు కొట్టడు కదా. ఇల్లు మూసి, లోపలివాళ్ళు పడుకుని ఉంటేనే కొడతాడు. బోర్డు నిద్రలో ఉంటే గాడిలోంచి ఎంత మాట్లాడినా వినపడదు. అప్పుడు దూరం నుంచి ఎవరైనా పిలిస్తే, కార్డు ఆ పిలుపు అందుకుని, ఈ తీగ మీదుగా బోర్డును లేపాలి. ఆ మూడు పిన్నులు తలుపు కొట్టడానికి పెట్టినవి.

నేను అనుకున్నదే నిజమైతే, పెట్టె నిద్రలో ఉన్నప్పుడు కూడా ఆ చివరి పిన్నులో కరెంటు ఉండాలి. లేకపోతే పిలుపు అందదు. పగలు మీటరు పెడితే అన్ని అయిదు వోల్టుల పిన్నులూ ఒకేలా కనపడతాయి. నిద్రలో చూడాలి. నా ముందు పనిచేసిన మరమ్మతు వాళ్ళందరూ ఈ పెట్టెను పగలే చూశారు. నిద్రలో ఉన్న పెట్టెను తాకకూడదు కదా! ఎంత గొప్ప ఆచారం! ఏ వేళ చూస్తే నిజం తెలుస్తుందో సరిగ్గా ఆ వేళే తాకకూడదన్నారు.

భానోజీ గారి దగ్గరికి పరిగెత్తాను.

"లేపను బాబాయ్ గారూ. మీటరు ముల్లు ఆనించి చూస్తాను, అంతే."

"ఆనించడం ముట్టుకోవడం కాదేంటమ్మాయ్?"

"ఒక మనిషి చచ్చిపోయాడండీ."

"నాకు తెలీదంటావా?" అన్నారు ఆయన. "ఆ కుర్రాడు తలుపు బాదడం ఇప్పటికీ చెవుల్లో ఉంది. మా నాన్న ఒకసారి ఇలాగే జాలిపడి అర్ధరాత్రి లేపబోయాడు. బొత్తాం నొక్కితే లేవలేదని కంగారుపడి తీగ పీకి మళ్ళీ పెట్టాడు. ఇంక లేస్తేనా! అది మళ్ళీ లేచేదాకా మూడు నెలలు ఊరంతా కలిసి గేట్లు చేత్తో తిప్పారు. ఎగువ లేదు, దిగువ లేదు, అందరి అరచేతులూ ఊడొచ్చాయి. ఇది పోతే మళ్ళీ ఎవరు చేసిపెడతారు, నువ్వు చేస్తావా?"

నేను చెయ్యలేను. ఎవరూ చెయ్యలేరు. ఆ భయం ఉత్తది కాదని నాకూ తెలుసు. కానీ భయం ఈయనది, మునిగేది వాళ్ళు. ఆ మాట మొహం మీదే అనేశాను. ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు.

చతుర్దశి

రేపు అమావాస్య, సూర్యగ్రహణం. గ్రహణం పడితే ఎండపలకలు మసకబారతాయి కాబట్టి ఎప్పుడో ఎవరో ఆ కాసేపు పెట్టెను పడుకోబెట్టారు. అదీ ఆచారమైపోయింది. పట్టుస్నానం వేళకి పెట్టెను నిద్రపుచ్చి, పైన దర్భలు పరిచి, విడుపు దాకా ముట్టుకోరు. గ్రహణం నాటి పోటు మిగతా అమావాస్యల కన్నా ఎక్కువ వస్తుందని ఈ కట్ట మీద చేపలు పట్టే ప్రతివాడికీ తెలుసు. పెద్ద పోటు వచ్చే వేళకే, పట్టపగలు, గేట్లు తెరిచిపెట్టి పెట్టెను పడుకోబెడతారు!

ఒక్కటే మేలు. పగలు పడుకున్న పెట్టె సరిగ్గా లేస్తుందో లేదోనని వాళ్ళకీ భయం. అందుకని గ్రహణం నాడు మరమ్మతు మనిషి గదిలో ఉండాలని కట్టుబాటు. రేపు నేను లోపలే ఉంటాను.

చక్రపాణి గారు తెప్పలు తెప్పించి పాయలో కట్టించారు. దిగువ వీధి వాళ్ళు పొద్దున్నే ఎక్కేయాలట. నూకాలుని అడిగాను, ఏం చేస్తారని.

"ఎక్కమండి," అంది. "ఎక్కినోళ్ళు ఎవరొచ్చేరు కనక? మీరు ఆ పిన్నుల సంగతేదో తేల్చండి. తేలకపోతే అప్పుడు ములుగుతాం, మా గుమ్మంలోనే."

వీధి వీధంతా రెండు రోజులుగా పని చేస్తోంది. మునిగిన ఇళ్ళ గోడల్లోంచి పీకిన రాగి తీగలు ముడి వేసుకుంటూ, వలకి వాడే తారు పూసుకుంటూ కట్ట మీదికి లాగారు. వీధి మొదట్లో గుంజ పాతి, దానికి వల బెండు ఒకటి కట్టాం. నీరు లేచి బెండును ఎత్తితే రెండు రాగి రేకులు ఒక్కసారి ముట్టుకుని విడిపోతాయి. అయిదు వోల్టుల పిన్నులోంచి మూడో పిన్నుకి ఒక్క తట్టు, అంతే. నూకాలు గుమ్మం బోర్డు నుంచి పీకిన ప్లగ్గును తీగ చివర నేనే టంకం పెట్టాను. అది గేటు గది కిటికీ దాకా వచ్చి ఆగింది.

నేను పొరబడి ఉంటే పెట్టె చచ్చిపోతుంది. అప్పుడు దిగువ వీధే కాదు, కట్టంతా పోతుంది. ఆ సంగతి నూకాలుకి చెప్పాను, పోలయ్యకి చెప్పాను. ఇంకెవరికీ చెప్పే ధైర్యం లేకపోయింది.

అమావాస్య

ఇది ఇవాళే రాయాలి.

ఎండ రాగి రంగులోకి తిరుగుతుండగా భానోజీ గారు పాట పాడి పెట్టెను నిద్రపుచ్చారు. ఫ్యాను ఆగింది, దీపాలు ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోయాయి. ఆయన దర్భలు తెచ్చి పరవబోతుంటే నేను అడ్డంగా చెయ్యి పెట్టాను.

"ఒక్కసారి మీటరు. లేపను. మీ మీద ఒట్టు."

ఆయన ఔననలేదు. చెయ్యి కూడా తియ్యమనలేదు. ముందు మెమరీ పలకల దగ్గర పెట్టాను, ముల్లు కదల్లేదు. ఫ్యాను ప్లగ్గు, గాడులు, మోటార్ల తీగలు, అన్నీ చచ్చి ఉన్నాయి. ఆఖరున తెల్ల గూట్లో పెట్టాను. ముల్లు లేచి అయిదు దగ్గర నిలబడింది.

"మీటరు పాడైందేమో," అన్నారు ఆయన. చూడనట్టు నటిస్తూనే అంతా చూశారు మరి.

మళ్ళీ అన్నీ తాకించి చూపించాను. అన్నీ సున్నా. ఈ ఒక్కటీ అయిదు.

"ఒళ్ళంతా పడుకుంటే అదొక్కటీ ఎందుకు మేలుకొని ఉందమ్మాయ్?"

"ఎవరైనా పిలుస్తారేమోనని, బాబాయ్ గారూ."

ఆయన కూలబడ్డట్టు పీట మీద కూర్చున్నారు. అంతలో దిగువ నుంచి కేకలు వినిపించాయి. కిటికీలోంచి చూస్తే పాయలో నీరు పొంగి గేట్ల కింద నుంచి లోపలికి దూసుకుపోతోంది. తెప్పల మీద ఒక్కరు కూడా లేరు. కట్ట మీద స్నానాలకి వచ్చిన ఎగువ వీధి జనం ఊరికే నిలబడి చూస్తున్నారు. చక్రపాణి గారు ఆ మసక వెలుతురులో చెయ్యి ఊపుతూ, తెప్పలెక్కండి, తెప్పలెక్కండి అని అరుస్తున్నారు. ఆయన గట్టిగా అరవగా వినడం అదే మొదటిసారి.

కిటికీలోంచి ప్లగ్గు లోపలికి లాగాను. భానోజీ గారు దాన్ని చూశారు, నన్ను చూశారు. పెట్టె మీద అప్పటికే పరిచిన నాలుగు దర్భలు తన చేత్తోనే పక్కకి తీశారు.

"పెట్టు," అన్నారు. "నేను చూడలేను గానీ పెట్టెయ్."

పెట్టాను. ఏమీ కాలేదు. దిగువన నీరు ఇంకా గుంజ దాకా రాలేదని తెలిసినా సరే, అంతా నాశనం చేశాననే అనుకున్నాను. తర్వాత ఎక్కడో కింద బెండు లేచింది. పెట్టెలో ఫ్యాను ఒక్కసారి దగ్గినట్టు కదిలి తిరగడం మొదలుపెట్టింది. దీపాలు వెలిగాయి. కట్ట కింద గేట్లు గొలుసులు గణగణమంటూ దిగుతుంటే నేల అదిరింది. భానోజీ గారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. నేను మాత్రం పిచ్చిదానిలా గట్టిగా ఏడ్చాను, ఆ గదిలో గట్టిగా మాట్లాడకూడదని కూడా మర్చిపోయి.

నీరు నూకాలు గుమ్మం కింది మెట్టు దగ్గర ఆగింది. విడుపు దాకా ఆగింది. ఎగువ వీధిలో మురుగు కాస్త వెనక్కి తన్నిందట. ఎవరి దొడ్లోనూ ఎవరూ మునిగి చావలేదు.

శుద్ధ పాడ్యమి

ఇవాళ గేటు గది ముందు జనం. దిగువ వీధిని ఖాళీ చేయించే తీర్మానం రద్దయిందని చక్రపాణి గారు ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఎందుకు కొట్టకూడదు? తర్వాత ఆయన నన్ను పక్కకి పిలిచి కాగితం చేతిలో పెట్టారు.

"మండలి ఆధ్వర్యంలో కొత్తగా అమర్చిన సౌకర్యం అని రాసిచ్చేయండి రత్నం గారూ. మీ పేరు కూడా వేయిస్తాను."

"కొత్తగా అమర్చలేదండీ. ఉన్నదే."

"ఉన్నదే అంటే అనవసరంగా ప్రశ్నలు వస్తాయి కదండీ. ఇప్పుడందరూ సంతోషంగా ఉన్నారు. పోయినవాళ్ళు ఎలాగూ తిరిగి రారు."

అంత మెత్తగా, అంత మర్యాదగా అన్నారు ఆ మాట. నా వేళ్ళు కాగితాన్ని నలిపేశాయి. అప్పుడు చూశాను, నూకాలు మా వెనకే నిలబడి ఉంది. మేం మాట్లాడుకున్నదంతా వింది. ఆమె నా వైపు గానీ ఆయన వైపు గానీ చూడలేదు. గది లోపలికి నడిచి భానోజీ గారి ఎదురుగా నిలబడింది.

"ఆ పిన్నులో నిన్న కరెంటుందన్నారు గదండి, పెట్టె పడుకున్నాక కూడా?"

"ఉందమ్మా."

"మరి పోయిన అమాసకండి? మా ఆయన తలుపు బాదినప్పుడు?"

చక్రపాణి గారు గబగబా లోపలికి వచ్చారు. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా నూకాలూ..."

ఆమె ఆయన మాట విననట్టే నిలబడింది. భానోజీ గారు నావైపు చూశారు. చెప్పవద్దని అడుగుతున్నారో, తన బదులు నన్ను చెప్పమంటున్నారో నాకు తెలియలేదు. ఆ ముసలాయన మొహం చూస్తే జాలేసింది. జాలేసినా చెప్పాను.

"ఉంది నూకాలూ. ఆ రాత్రి కూడా ఉంది. ఎప్పుడూ ఉంది."

నూకాలు చాలాసేపు ఆ తెల్ల గూటికేసి చూసింది. ముట్టుకోలేదు. భానోజీ గారిని ఒక్క మాట అనలేదు, అని ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేదేమో. ఆ తర్వాత నావైపు తిరిగింది.

"మీరు రోజూ ఏదో రాత్తారంట గదండి?"

"రాస్తాను."

"అయితే ఇది కూడా రాసుకోండి. మా బావగారిని సముద్రం సంపలేదు."

రాశాను.